చలికాలంలోనూ షాపు తెరిచే ఉంటుంది

సార్నియా, కెనడా,
21 నవంబరు 2022

బాబాయికి మృదుల నమస్కారాలు. ఫోనులో నీ షాపు మోతకు నా మాట వినపడదు, అందుకే కార్డు రాస్తున్నాను.

చలికి కార్లు కడిగే షాపు మూసేస్తారనీ, నా పని పోతుందనీ పిన్ని దిగులుపడుతోందట. మూయడం లేదని చెప్పు. ఓనరు ఆంజనేయప్రసాద్ అంకుల్ మొదట మూసేద్దామనే అన్నారు. "రెండేళ్ల కిందట నీళ్లు గడ్డకట్టి పైపులు గోడలోనే పగిలాయమ్మా, మళ్లీ ఆ బాధ నావల్ల కాదు" అన్నారు. "మా బాబాయి వాటర్ సర్వీసింగ్ షాపులో పెరిగినదాన్ని, ఒక్కసారి ట్రై చేద్దాం అంకుల్" అని బతిమాలాను. తలుపులకు రబ్బరు పట్టీలు వేశాం, హీటరు పెట్టాం. రోజూ సాయంత్రం కంప్రెసరు గాలితో పైపులు ఖాళీ చేస్తున్నాం.

నిన్న పొద్దున మైనస్ పది. మొదటి కారు వచ్చింది, నీళ్లు చిమ్మే గన్ను నొక్కితే చుక్క నీరు రాలేదు. గబగబా గన్ను విప్పాను. చూస్తే పైపులు బాగానే ఉన్నాయి, గన్నులో మిగిలిన నీళ్లే గడ్డకట్టాయి.

"గన్ను ఖాళీ చేయడం నేనే మరిచిపోయా అంకుల్" అని చెప్పేశాను. వేడినీళ్ల బకెట్లో కాసేపు ఉంచితే నీళ్లు విసురుగా వచ్చాయి. అంకుల్ నవ్వేసి, "గోడ పగలగొట్టే పని తప్పింది కదా! మార్చి దాకా పొద్దుటి షిఫ్ట్ నీదే" అన్నారు.

గన్ను మూతి కారితే నువ్వు ఏ వాషరు వేస్తావు? తప్పకుండా చెప్పు. పిన్ని మోకాలి నొప్పి తగ్గిందా? చెల్లి రిషిత హాల్ టికెట్ వచ్చిందా?

మంచు కరగడానికి ఇక్కడ రోడ్ల మీద ఉప్పు చల్లుతున్నారు. కారు తుప్పుపడుతుందని అందరూ కడిగించుకుంటున్నారు. ఇది రాస్తుండగానే బయట నాలుగు కార్లు ఆగాయి. వెళ్లొస్తాను, దీవించండి.

మీ మృదుల