అమ్మమ్మ ఆడని మ్యాచ్‌లు

ఫోను వార్డెన్ బీరువాలోనూ, తాను హాస్టల్లోనూ బందీ అయిన మనవరాలికి,

నేను మ్యాచ్‌ల నుంచి పారిపోతున్నానని రాశావు. తప్పు. పారిపోవడమంటే మొదలయ్యాక చేసేది. నేను మొదలవకముందే వచ్చేస్తున్నాను. దాన్ని బుద్ధి అంటారు.

నీ పరీక్షలయ్యేదాకా నీ ఆన్‌లైన్ ఆట నన్ను ఆడమన్నావు. ఆడకపోతే ర్యాంకు జారుతుందనీ, జారితే క్లబ్బు జట్టులో నీకు చోటు రాదనీ చెప్పి వెళ్ళావు. సరే, రోజూ పొద్దున్నే కూర్చుంటున్నాను. మ్యాచ్‌కి ముందు అయిదుగురినీ ఒక గదిలో చేర్చి, ఎవరేం చేస్తారో తేల్చుకోమని నిమిషం టైమిస్తారు కదా. నిన్న కత్తి పట్టినవాళ్ళు నలుగురు, కట్టు కట్టేవాడు ఒక్కడూ లేడు. నాకా, నువ్వు బాణాలు తప్ప నేర్పలేదు. ముప్ఫై ఏళ్ళు ఆపరేషన్ థియేటర్‌లో హెడ్ నర్సుగా చేశాను. ఏది లోపించినా కోత పడకముందే కేసు ఆపించేదాన్ని. సర్జన్లే నోరెత్తలేదు, వీళ్ళెంత? ఇప్పటికి పదకొండు మ్యాచ్‌లు వదిలేశాను.

నీ అమ్మమ్మ

తా.క.: ఆటవాళ్ళు మర్యాదస్తులు. బయటికి రాగానే అయిదు నిమిషాలు విశ్రాంతి ఇచ్చారు. రెండోసారి అరగంట. ఇప్పుడు రోజంతా ఇస్తున్నారు.

*

అమ్మమ్మా, వెయ్యి దండాలు.

అది విశ్రాంతి కాదు, శిక్ష! వచ్చేసినప్పుడల్లా నా పాయింట్లు కోసేస్తారు. ఇంకొక్కసారి వచ్చేశావంటే నా ఖాతా రెండు నెలలు మూసేస్తారు. జట్టు ఎంపిక ఈ నెలాఖరునే. ఓడిపో, చచ్చిపో (ఆటలో), ఆ గదిలోంచి మాత్రం బయటికి రాకు.

నీ కాళ్ళు వదలని మనవరాలు

తా.క.: వార్డెన్ ఉత్తరాలు చదివే ఇస్తుంది. ‘కత్తి పట్టినవాళ్ళు నలుగురు’ దగ్గర ఎర్రగీత గీసి, మీ అమ్మమ్మ ఎలాంటివాళ్ళతో తిరుగుతోందని అడిగింది.

*

బంగారు తల్లికి,

నీ మాట తీసెయ్యలేదు. నేను బయటికి రాలేదు. వాళ్ళనే పంపించేశాను.

ఆ గదిలో టైపు చేసుకునే వీలుంది కదా. ‘నీ వెనక ఎవరున్నారు నాయనా?’ అని ఒకణ్ణి అడిగాను. వెనక్కి తిరిగి చూసుకున్నాడేమో, గది వదిలే పోయాడు. ఒక్కడు పోయినా మ్యాచ్ రద్దు, శిక్ష పోయినవాడికే. మూడు రోజుల్లో ఏడుగురు పోయారు. ‘కసాయి’ అని పేరు పెట్టుకున్న ఒకడు, ‘ముసలమ్మలా సతాయించకు’ అన్నాడు. ‘లా’ అక్కర్లేదన్నాను. ముందు చేతులు కడుక్కుని రమ్మన్నాను. వాడూ పోయాడు.

నీ ఖాతాకి కాపలాగా,
అమ్మమ్మ

తా.క.: మర్నాడు కసాయి మళ్ళీ నా గదిలోకే వచ్చాడు. కడుక్కున్నానన్నాడు.

*

అమ్మమ్మా,

కసాయి వాడు కాదు, ఆవిడ! మన క్లబ్బు జట్టు కెప్టెన్! మన వీధి చివర పళ్ళ ఆసుపత్రిలో పనిచేస్తుంది. జట్టులోకి ఎవర్ని తీసుకోవాలో చెప్పేది ఆవిడే. వెంటనే వెళ్ళి క్షమాపణ చెప్పు.

కొంప మునిగిన,
మనవరాలు

తా.క.: నీ తర్వాతి ఉత్తరం ఎప్పుడొస్తుందని వార్డెన్ అడుగుతోంది.

*

ఏడుపు ఆపి చదవాల్సిన మనవరాలికి,

వెళ్ళాను. కసాయి అక్కడ ఫోన్లెత్తి అపాయింట్‌మెంట్లు రాస్తుంది. చిన్నపిల్లల్ని కూడా ‘అండీ’ అంటుంది. నేనెవరో చెప్పగానే లేచి నిలబడింది. క్షమాపణ సగంలో ఉండగానే అడ్డొచ్చింది.

“మా జట్టులో అందరం కొట్టేవాళ్ళమేనండీ. ఆగండర్రా అనేవాళ్ళు లేకే పోయిన ఏడాది పద్నాలుగు ఓడిపోయాం. ర్యాంకుదేముంది, మీరు జట్టులోకి వచ్చెయ్యండి.”

అంచేత నీకు చోటు దొరికింది, నాకు బదులు. నేను రాలేని రోజు నువ్వు ఆడతావు. నిబంధనలు చదివాను, వయసు పదహారు దాటాలట. నాకు దాటి కొంతకాలమైంది.

దిగులుపడకు. మంగళవారాలు నాకు కళ్ళ డాక్టరు ఉంటాడు. ఆ రోజు పూర్తిగా నీదే.

ఆశీస్సులతో,
నీ అమ్మమ్మ (ఆటలో ఇంకా నీ పేరే)

తా.క.: పరీక్షలయ్యాక వచ్చేటప్పుడు కుర్చీలోకి ఒక దిండు తీసుకురా. నలుపలకలది, గట్టిది. మెత్తటి దాంట్లో కూరుకుపోతే సమయానికి లేవలేను. కొనేముందు దుకాణంలోనే దానిమీద నాలుగుసార్లు కూర్చుని లేచి చూడు.