టీచరమ్మ ఓటు

గోల్‌మురి,
టాటానగర్.

అప్పకు నీ చెల్లెలు సీత నమస్కారాలు. మేమిద్దరం ఇక్కడ కులాసా. నువ్వూ, బావా, పిల్లలూ ఎలా ఉన్నారో రాయి. అమ్మ మోకాళ్ళ నొప్పి తగ్గిందా? నా గురించి బెంగ పెట్టుకోవద్దని చెప్పు. చలి మాత్రం మనవైపు చలి కాదు. పొద్దున్నే నీళ్ళు ముట్టుకుంటే వేళ్ళు కొంకర్లు పోతున్నాయి. బజార్లో అంతా హిందీ. సగం సైగలతోనే కూరలు కొంటున్నాను. మీ మరిది స్టేషను డ్యూటీకి వెళ్ళిపోతే మాట్లాడే మనిషి ఉండదు. అందుకే సుగుణమ్మ టీచరుగారి బడిలో పాఠాలు చెప్పడానికి చేరాను.

ఆవిడ గురించి నీకింతవరకు రాయలేదు. డెబ్బైకి దగ్గరపడ్డారు. మన శ్రీకాకుళం వైపు వాళ్ళే. తండ్రి రైల్వే పనికి వస్తే చిన్నప్పుడే ఇక్కడికి చేరారు. పెళ్ళి చేసుకోలేదు. తెల్లవాళ్ళ కాలంలో ఆస్తో చదువో లేని ఆడదానికి ఓటు లేదట. ఆస్తి నేనివ్వలేను, చదువివ్వగలను కదా అని, ఇంటింటికీ తిరిగి ఆడవాళ్ళను తీసుకొచ్చి తన వరండాలో అక్షరాలు దిద్దించారు. ఆడవాళ్ళందరికీ ఓటు కావాలని సంతకాలు పోగుచేస్తుంటే ఎవరో ఆవిడ మీద పేడనీళ్ళు కుమ్మరించారట. ఇంటికొచ్చి చీర మార్చుకుని మళ్ళీ అదే వీధికి వెళ్ళారట. ఆ వరండాయే ఇప్పుడు తెలుగు ఆడపిల్లల బడి.

మొన్న ఎన్నికలు జరిగాయి. కాళ్ళు వాచి ఆవిడ నడవలేకపోతుంటే రిక్షాలో తీసుకెళ్ళాను. కుర్చీ వేస్తామంటే వద్దని వరసలోనే నిలబడ్డారు. తీరా లోపలికి వెళ్ళాక అక్కడి ఉద్యోగి పేరు చూసి, "మాతాజీ, మీ ఓటు ఇప్పటికే పడిపోయింది" అని హిందీలో అన్నాడు.

టీచరమ్మ సిరా లేని వేలు చూపించారు. అతను తల దించుకుని వేరే కాగితం ఇచ్చాడు. దాన్ని విడిగా కవరులో పెడతారట.

"దీన్ని లెక్కపెడతారా?" అని అడిగారు.

"లేదు మాతాజీ."

ఆవిడ కాసేపు ఆ కాగితం వైపే చూసి, ముద్ర వేసి, మడిచి ఇచ్చారు. నేను పక్కనే ఉన్నానప్పా. ఎవరితో పోట్లాడాలో తెలియలేదు. తెలిసినా నా హిందీ అందుకు చాలదు.

సాయంత్రం భుయ్యాడీహ్ బస్తీ నుంచి పార్వతి వచ్చింది. చిన్నప్పుడు టీచరమ్మ దగ్గర చదువుకున్న మనిషి. ఆమె మొగుడు ఒక కాంట్రాక్టరు కింద కూలి, ఇక్కడ ఠేకేదారంటారు. గుమ్మంలోనే కూలబడి, చెయ్యి కొంగులో దాచుకుంది.

"అమ్మా, మీ ఓటు నానే ఏసినాను. ఠేకేదారు మనుషులు మా ఆడోళ్ళందర్నీ లారీ ఎక్కించినారు. రాకపోతే మీ మొగుళ్ళకి పన్నేదన్నారు. తలో చీటీ సేతిలో ఎట్టి, ఆ పేరు సెప్పమన్నారు. మిగతావోళ్ళకి సదువు రాదు, ఎవల పేరో తెల్నేదు. నాను సదివినానమ్మా. మీ పేరు."

"మరేటి చేసేవు?"

"ఏటి సెయ్యను? ఎనకాలే ఆళ్ళు. ఇంటికాడ పిల్లలు."

టీచరమ్మ కుర్చీ గుమ్మం దగ్గరికి జరుపుకున్నారు. తర్వాత మెల్లగా, "ముద్రైనా నువ్వు వేసేవా పార్వతీ?" అని అడిగారు.

"నేదమ్మా. పక్కనోడు కాయితం లాక్కుని ఏసేసినాడు."

ఆవిడ ముఖం అప్పుడు వాడిపోయింది. పొద్దున్న కూడా అలా చూడలేదు. తిడతారనుకున్నాను. తిట్టలేదు. పార్వతి వేలు పట్టుకుని ఆ సిరా మచ్చను కొంగుతో తుడుస్తూ కూర్చున్నారు, పోదని తెలిసీ. నేను లోపలికి వెళ్ళి టీ పెట్టాను. అంతకంటే ఏం చేయాలో తోచలేదు.

మర్నాడు ఫిర్యాదు రాద్దామన్నాను. "రాస్తే పార్వతి పేరు రాయాలి. దాని మొగుడి పని పోతాది" అన్నారు. అంతటితో ఆ మాట అయిపోయింది. మీ మరిది కూడా మనకెందుకన్నారు.

అప్పట్నుంచి పాఠమంతా నేనే చెబుతున్నాను. ఆవిడ కుర్చీలో కూర్చుని వింటున్నారు. నిన్న ఒక పిల్ల ఓటంటే ఏమిటని అడిగింది. టీచరమ్మ నా వైపు చూశారు. రేపు చెబుతానన్నాను. ఇవాళ బడి అయిపోయింది, చెప్పలేదు. ఆ పిల్ల మళ్ళీ అడుగుతుంది.

వీలైతే ఒకటో తరగతి తెలుగు వాచకాలు పంపించు, ఇక్కడ దొరకవు. నేను బాగానే ఉన్నాను, నిజంగా. అమ్మకూ బావకూ నా దణ్ణాలు చెప్పు, పిల్లల్ని నా బదులు దగ్గరికి తీసుకో. ఆ పిల్లకి ఏం చెప్పాలో నీకు తోస్తే వెంటనే రాయి.

నీ చెల్లెలు,
సీత