పరీక్షించిన పదిహేను నిమిషాలు

3వ తేదీ, సోమవారం. ఉదయం 6.20

ఈరోజు నుంచి ఒక నిర్ణయం. మా అమ్మాయికి పద్నాలుగేళ్లు నిండాయి. ఈమధ్య ఇంటర్నెట్‌లో శాస్త్రవేత్తల ఇంటర్వ్యూలు వినాలని సరదా పడుతోంది. వాటిలో ఏం మాట్లాడుకుంటారో, అవి పిల్లలు వినదగ్గవో కాదో ఎవరికి తెలుసు? నేను తేలుస్తాను. బిస్కెట్ల ఫ్యాక్టరీలో పద్దెనిమిదేళ్లుగా క్వాలిటీ ఇన్‌స్పెక్టర్‌ని. నా సంతకం లేకుండా ఒక్క పెట్టె గేటు దాటదు.

నియమాలు:
1. ప్రతి ఎపిసోడూ ముందు నేను వినాలి. మొదటి నుంచి చివరిదాకా.
2. రిజిస్టర్‌లో రాయాలి. గడులు నాలుగు: బూతు, భయం, అబద్ధం, అమ్మకం.
3. నా సంతకం పడ్డాకే తను వినాలి.

అమ్మాయి గొడవ చేయలేదు. "వచ్చే మంగళవారం క్లాసులో మాట్లాడాలి నాన్నా. చేపలకు నొప్పి తెలుస్తుందా అని. శుక్రవారానికల్లా ఆ ఎపిసోడ్ పాస్ చేసిపెట్టు" అంది. శుక్రవారం దాకా ఎందుకు, రేపే ఇస్తానన్నాను.

సాయంత్రం 6.45: నిడివి రెండు గంటల యాభై నిమిషాలు! వీళ్లకు ఇంట్లో పనులుండవా?
7.00: వచ్చినాయన జుట్టు నెరిసిన చేపల శాస్త్రవేత్త. బూతు లేదు. పరుపుల ప్రకటన ఒకటి వచ్చింది. 'అమ్మకం' గడిలో టిక్కు.
8.10: మెలకువ వచ్చింది. ఎక్కడిదాకా విన్నానో తెలియదు. మళ్లీ మొదటి నుంచి వినాలి.

4, మంగళవారం. భోజన విరామం

మళ్లీ మొదటి నుంచి. పరుపుల ప్రకటన నోటికి వచ్చేసింది. ఇరవయ్యో నిమిషంలో గేటు దగ్గరికి లారీ వచ్చిందన్నారు. ఆపేశాను.

సాయంత్రం: తలనొప్పి. తలనొప్పితో పరీక్ష చేయడం మా వృత్తికి మచ్చ.

5, బుధవారం. సాయంత్రం 7.00

రెట్టింపు వేగంతో పెట్టాను. శాస్త్రవేత్తా, ప్రశ్నలు అడిగేవాడూ పోట్లాడుకుంటున్నట్టు వినిపించింది. 'భయం' గడిలో టిక్కు పెట్టి, మళ్లీ కొట్టేశాను. మా ఆవిడ తొంగిచూసి, "అమ్మాయి వినడానికి వింటున్నారా, వినకుండా చేయడానికి వింటున్నారా?" అంది. చెవుల్లో ఇయర్‌ఫోన్లు ఉన్నాయి కాబట్టి వినపడనట్టు ఊరుకున్నాను.

6, గురువారం

బంధువులొచ్చారు.

7, శుక్రవారం. ఉదయం 11.00

గడువు ఈరోజే. అమ్మాయి ఇప్పటికి రెండుసార్లు అడిగింది. ఫ్యాక్టరీలో బిస్కెట్ల లైన్ పక్కన నిలబడి ఉండగా నాకో ఉపాయం తట్టింది. లక్ష బిస్కెట్లూ నేను తింటున్నానా? లాట్‌లో మొదట ఒక ప్యాకెట్, మధ్యలో ఒకటి, చివర ఒకటి తీసి చూస్తాను. అవి బాగుంటే లాట్ మొత్తం పాస్. ఈ తెలివి సోమవారం ఎక్కడికి పోయింది?

సాయంత్రం 6.30: మొదట ఐదు నిమిషాలు, మధ్యలో ఐదు, చివర ఐదు. అంతా శుభ్రం. చేపలకు నొప్పి తెలియదని ఆయన మొదట్లోనే ఖాయంగా చెప్పాడు. మధ్యలో వలల సంగతి. చివర అందరికీ ధన్యవాదాలు. సంతకం పెట్టాను. అయినా జాగ్రత్త గల మనిషిని కదా, పరీక్షించిన పదిహేను నిమిషాలే వినమన్నాను.

"మరి మిగతాది?" అంది అమ్మాయి.

"మిగతాదీ అలాంటిదే" అన్నాను.

11, మంగళవారం. సాయంత్రం 5.10

అమ్మాయి బడి నుంచి వచ్చి, సంచీ కుర్చీలో పడేసి, గదిలోకి వెళ్లి తలుపేసుకుంది. మా ఆవిడ లోపలికెళ్లి, జరిగింది కనుక్కొచ్చి చెప్పింది.

చేపలకు నొప్పి తెలియదని క్లాసులో గట్టిగా చెప్పిందట. వెనక బెంచీ పిల్ల లేచి, "అది తప్పని ఆయనే రెండో గంటలో చెప్పాడు కదా, నువ్వు వినలేదా?" అందట. అందరూ నవ్వారట. మొత్తం ఎందుకు వినలేదని టీచర్ అడిగితే తలవంచుకుని నిలబడింది గానీ, నా మాట మాత్రం ఎత్తలేదట.

5.30: తప్పు ఆ శాస్త్రవేత్తది. అసలు సంగతి మొదటే చెప్పి ఏడవచ్చు కదా.
5.40: పై వాక్యం కొట్టేశాను. సిగ్గేసింది.

6.00: తలుపు తట్టాను. "నాన్నా, మీ బిస్కెట్లన్నీ ఒకటే పిండి. మనుషులు మాట్లాడుతూ మాట్లాడుతూ మనసు మార్చుకుంటారు. మూడుచోట్ల కొరికి చూస్తే ఏం తెలుస్తుంది?" అంది.

12, బుధవారం. సెలవు పెట్టాను

మొత్తం విన్నాను. నిద్ర రాలేదు. గంటా నలభై ఒకటో నిమిషంలో ఆయన అన్నాడు: "పాతికేళ్లు ఇదే పాఠం చెప్పాను. మా ప్రయోగమే సరిగా లేదు. నేను పొరబడ్డాను."

అంతటి మనిషి లోకమంతా వినేలా ఒప్పుకున్నాడు. ఈ ఇంట్లో నేనెప్పుడైనా ఆ మాట అన్నానా అని మా ఆవిడను అడిగాను. ఆలోచించి చెప్తానంది. గంటన్నర అయింది, ఇంకా ఆలోచిస్తోంది.

సాయంత్రం 5.15: అమ్మాయితో అన్నాను. "తప్పు నాదేనమ్మా. మీ టీచర్‌కి చీటీ రాసిస్తాను."

"చీటీ వద్దు. వచ్చే మంగళవారం మళ్లీ మాట్లాడతానని అడిగాను. ఈసారి నా పక్కన కూర్చుని విను, చాలు."

13, గురువారం. సాయంత్రం 6.00

ఈరోజు నుంచి ఒక నిర్ణయం. నియమాలు అమ్మాయి చెప్పింది, నేను రాసుకున్నాను:
1. ఇద్దరం కలిసి వినాలి. మొదటి నుంచి చివరిదాకా.
2. పాస్, ఫెయిల్ లేవు.
3. నాన్న గురక పెడితే ఆపి, లేపి, వెనక్కి తిప్పాలి.

రిజిస్టర్‌లో నాలుగు గడులూ కొట్టేసి ఒకటే గీశాం: ఇద్దరికీ అర్థం కానివి. మొదటి గంటలోనే పదకొండు రాశాం.

7.20: మూడో నియమం అమలైంది. వెనక్కి తిప్పితే మళ్లీ అదే పరుపుల ప్రకటన. వాళ్లకంటే ముందు నేనే గడగడా అప్పజెప్పాను. మంగళవారం తర్వాత అమ్మాయి నవ్వడం ఇదే మొదలు.