నా చేత్తో వేసిన లైను

ఏప్రిల్ 21, సోమవారం

ఏసీ మొండికేసింది. లోపలి యూనిట్ గాలి కొడుతోంది, చల్లదనం మాత్రం లేదు. రిమోట్‌లో బ్యాటరీలు మార్చాను. ఫిల్టర్లు కడిగాను. స్టెబిలైజర్ చూశాను, వోల్టేజి బాగానే ఉంది.

ఈ ఏడాది ఏసీ వేయడం ఇదే మొదలు. మొన్నటిదాకా ఋత్విక్‌ది ఫస్ట్ షిఫ్టు, రాత్రిళ్లు కూలర్‌తో గడిచిపోయింది. ఈ వారం నైట్ షిఫ్టు. నా కొడుకు ఓపెన్‌కాస్ట్ బొగ్గు గనిలో మట్టి మోసే డంపర్ నడుపుతాడు. రాత్రి పదకొండుకు ఎక్కితే పొద్దున ఏడుకు దిగుతాడు. పగలు నిద్రపోవాలి. నలభై నాలుగు డిగ్రీల్లో, పెనంలా కాలే ఈ క్వార్టర్ స్లాబు కింద ఎలా పోతాడు?

మెకానిక్‌ను పిలుద్దామా మామయ్యా అని కోడలు భావ్య అడిగింది. ముప్పై మూడేళ్లు గనిలో ఎలక్ట్రీషియన్‌గా చేసినవాడి ఇంటికి మెకానిక్కా? నేనే చూస్తానన్నాను.

ఏప్రిల్ 22, మంగళవారం

లోపలి యూనిట్ మొత్తం విప్పాను. సెన్సార్ బాగుంది. సర్క్యూట్ కార్డు బాగుంది. వాడు పడుకున్న గదిలోనే స్టూలెక్కి విప్పుతుంటే లేచి కూర్చున్నాడు. బాపూ, జర ఆగరాదే, కండ్లు మండుతున్నయ్ అన్నాడు. ఐదు నిమిషాలే అన్నాను. గంటన్నర పట్టింది.

వాడు నిద్రపోయింది మొత్తం రెండు గంటలు. నాకు చేతిలోని టెస్టింగ్ మీటర్ మీద కోపం, కంపెనీ మీద కోపం, ఎండ మీద కోపం.

ఏప్రిల్ 23, బుధవారం

నా భార్య విశాలాక్షి నా మాట వినకుండా నానిని పిలిపించింది. బసంత్‌నగర్‌లో ఏసీల షాపు వాడిది. వాళ్ల తాత గోదావరి జిల్లా నుంచి సిమెంటు ఫ్యాక్టరీలో పనికి వచ్చాడట. ముప్పై ఏళ్లొచ్చినా వీడింకా అండీ గిండీ అనే మాట్లాడతాడు. నిచ్చెనేసుకుని డాబా ఎక్కి రెండు నిమిషాల్లో దిగాడు. పైన యూనిట్‌కి కరెంటే రావట్లేదండీ, ఆ ఫ్యూజు బాక్సుకి తాళం ఉంది, ఓసారి తీస్తే వైరింగ్ చూస్తాను అన్నాడు.

వైరింగా! వోల్టేజి పడిపోకుండా పైన యూనిట్‌కు విడిగా లైను లాగాను. పక్కనే బాక్సు బిగించాను, గనిలో బిగించినట్టే. ఆ లైను నా చేత్తో వేశాను. ఆడలేక మద్దెల ఓడన్నట్టు, మిషన్ తెలియనివాడికి వైరింగ్ తప్పుగా కనిపిస్తుంది. తాళం తీయలేదు. పంపించేశాను.

నేనే ఎక్కి చూసేవాడిని. మోకాళ్ల ఆపరేషన్ అయ్యాక డాబా ఎక్కొద్దని విశాలాక్షి ఆర్డర్.

ఏప్రిల్ 24, గురువారం

నలభై ఐదు. తడి తువ్వాల కప్పుకొని వాడు గంటసేపు పడుకున్నాడు. కంప్రెసర్ పోయిందని తేల్చాను.

ఏప్రిల్ 25, శుక్రవారం, ఉదయం 9

ఏడున్నరకు రావలసినవాడు ఇంకా రాలేదు. ఫోను ఎత్తడం లేదు. భావ్య వాకిట్లో నిలబడింది. నేను ఇంట్లోకీ బయటికీ తిరుగుతున్నాను.

ఉదయం 11

వచ్చాడు. మనిషి బాగానే ఉన్నాడు.

తెల్లవారుజామున నాలుగున్నరకు స్టీరింగ్ మీదే కన్ను మూతపడిందట. డంపర్ రోడ్డు దాటి అంచున పోసిన మట్టి గట్టు ఎక్కింది. ముందు చక్రం గట్టు మీద ఆగింది. అవతల అరవై మీటర్ల లోతు. ఇంకో రెండడుగులైతే నేను లేకపోదును బాపూ అన్నాడు. సోమవారం ఎంక్వైరీ. అప్పటిదాకా డంపర్ ముట్టొద్దన్నారట.

ఆ ఉద్యోగం నాదే. నేను మెడికల్ అన్‌ఫిట్ అయినందుకు కంపెనీ నా బదులు వాడికి ఇచ్చింది.

మధ్యాహ్నం 1

ఇక ఎవరి ఆర్డరూ వినలేదు. పాత ఖాకీ చొక్కా పెట్టెలోంచి తీసి తొడుక్కున్నాను. తాళంచెవి ఎప్పుడూ దాని జేబులోనే ఉంటుంది, చెయ్యి పెట్టాను. తాళంచెవి ఉంది. దానితోపాటు తెల్ల పింగాణీ ఫ్యూజు కూడా ఉంది.

ఉగాదికి ముందు విశాలాక్షి మంథని పోయిన రోజు దొంగతనంగా డాబా ఎక్కాను. యూనిట్‌కు పట్టిన బొగ్గు దుమ్ము దులపాలని. మిషన్ ముట్టే ముందు ఫ్యూజు పీకి జేబులో వేసుకోవడం గనిలో ప్రాణం కాపాడే అలవాటు. పీకినవాడే వచ్చి పెట్టాలి, అప్పటిదాకా ఇంకెవ్వడూ సప్లై ఇవ్వకూడదు. అలాగే చేశాను. బాక్సుకు తాళమూ వేశాను. ఇంతలో కింద ఆమె ఆటో ఆగింది. గబగబా దిగి, దుమ్ము చొక్కాను పెట్టె అడుగున దాచేశాను. తర్వాత అంతా మరిచిపోయాను.

చంకలో పిల్లను పెట్టుకొని ఊరంతా వెతికినట్టు అంటారు. నేను వెతకనైనా లేదు. వెతికినవాణ్ని వెళ్లగొట్టాను.

సాయంత్రం 6

ఫ్యూజు పెట్టాను. ఏసీ నడుస్తోంది. ఏమైందని అడిగితే కెపాసిటర్ పోతే మార్చానని చెప్పాను. మా మామయ్య చేశారని భావ్య క్వార్టర్ల లైనంతా చెప్పింది. విశాలాక్షి నిచ్చెన సంగతి కూడా క్షమించి సేమ్యా పాయసం చేసింది. గిన్నె పక్కన పెట్టేశాను.

ఏప్రిల్ 26, శనివారం

ఏసీ ఉన్నా వాడికి నిద్ర లేదు. తలుపు అవతల భావ్యతో అంటుంటే విన్నాను. తప్పు నాదే, నాకు ఆ బండి నడుపుడు శాతకాదు, గట్లనే రాసిస్త, ఏదన్న చిన్న పని ఇయ్యుమంట అని. వాడికి డంపర్ అంటే ఎంత పిచ్చో నాకు తెలుసు. మొదటిసారి నడిపిన రోజు ఇంటికొచ్చి అన్నం పళ్లెంతో స్టీరింగ్ తిప్పి చూపించాడు.

నాకు సిగ్గుగా ఉంది. సిగ్గు కంటే భయం ఎక్కువ. నా కొడుకు నన్ను ఏ కళ్లతో చూస్తాడు?

ఏప్రిల్ 27, ఆదివారం

మూడుసార్లు వాడి గది దాకా పోయాను. మూడుసార్లూ మంచినీళ్లు కావాలా అని అడిగి వచ్చాను.

ఏప్రిల్ 28, సోమవారం

ఎంక్వైరీకి పోతుంటే వాడి మోటార్‌సైకిల్ వెనక నేనూ ఎక్కాను.

ఆఫీసర్ రఘుపతి నాకు తెలిసినవాడే. సదాశివన్నా, మీరేంది గిక్కడ అని కుర్చీ చూపించాడు. కూర్చోలేదు. నా నిర్లక్ష్యం వల్ల అని రాసిన కాగితం మీద ఋత్విక్ సంతకం పెట్టబోతున్నాడు. చెయ్యి పట్టుకున్నాను. అంతా చెప్పాను. ఫ్యూజు, తాళం, నాని, కెపాసిటర్ అబద్ధం, ఒక్కటీ దాచలేదు. క్లర్కు నవ్వాడు. రఘుపతి నవ్వలేదు. ఇంటి ఏసీకి ఫారంల కాలమ్ లేదన్నా, అయినా రాస్త అన్నాడు.

వార్నింగ్ లెటర్ ఇచ్చి, పది రోజులు డంపర్ బంద్ చేశారు. తర్వాత అదే డ్యూటీ.

దారి పొడుగునా ఋత్విక్ మాట్లాడలేదు. ఇంటికొచ్చాక కూడా మాట్లాడలేదు. నేను బసంత్‌నగర్ ఆటో ఎక్కి పోయి నానికి తప్పయిందని చెప్పి వచ్చాను.

మే 9, శుక్రవారం, మధ్యాహ్నం 3

రాత్రి మళ్లీ డంపర్ ఎక్కాడు. పొద్దున ఏడున్నరకు వచ్చి నా ముందు చెయ్యి చాచాడు. టెస్టర్ ఇయ్యి బాపూ, ఇగ నువ్వు ఏ బోర్డూ ముట్టకు అన్నాడు. పదకొండు రోజుల తర్వాత నాతో అన్న మొదటి మాట. ఆ టెస్టర్ గనిలో చేరిననాటి నుంచి నా జేబులో ఉన్నది. ఇచ్చాను.

వాడు పడుకొని ఏడు గంటలైంది. ఇంకా లేవలేదు.