కలప మిల్లు నేల

ప్రియమైన హిల్కా అక్కకి,

ఫోను చేస్తే మాట రాక ఏడుస్తానని కాగితం తీసుకున్నాను. బావకి చెప్పకు.

ఫ్లాటు అమ్మేశాం, నెలాఖరుకి ఖాళీ చెయ్యాలి. సరస్సు ఒడ్డున, పాత కలప మిల్లు ఉన్న చోట ఇల్లు కట్టుకుందామనుకున్నాం కదా. మిల్లు మూతపడ్డాక ఆ ఒడ్డును మా మామయ్య వాల్టో, అదే జార్కో వాళ్ళ నాన్న, కొనుక్కున్నాడు. దాన్నే ఇప్పుడు మాకు అమ్ముతానన్నాడు. ఆయన జీవితమంతా ఆ మిల్లులోనే పనిచేశాడు. చెక్క పలకలకి బూజు పట్టి నీలం మరకలు పడకుండా మందునీళ్ళలో ముంచేవాళ్ళమని ఒకసారి మాటవరసకి అన్నాడు. ఆ మందు నేలలో ఇంకిపోయి ఉంటుందేమోనని అప్పటినుంచి నాకు కుదురు లేదు.

అక్కా, నేను మళ్ళీ నెల తప్పాను. జార్కోకి కూడా చెప్పలేదు. రెండుసార్లు సంబరంగా చెప్పాను, రెండుసార్లూ ఆసుపత్రి నుంచి ఖాళీ ఒడితో వచ్చాను. మూడోసారి నోరు పెగలడం లేదు. ఆ నేలలో బావి తవ్వుకుని నీళ్ళు తాగేముందు అందులో ఏముందో తెలియాలి. అందుకే నేల పరీక్ష చేసే నిపుణురాలిని పిలిపించాను. సైలా అని, నెమ్మదైన మనిషి. కొనేవాళ్ళ తరఫున స్థలం పూర్వాపరాలు ఆరా తీసి, మన్నూ నీళ్ళూ పరీక్షించడమే ఆవిడ పని.

ఆవిడని చూసి మామయ్య ఆ ఒడ్డునే ఉన్న తన ఇంటి గుమ్మంలో నిలబడిపోయాడు. "సొంత మామ దగ్గర కొంటూ పోలీసుల్ని తెచ్చినట్టు తెచ్చావేంటి, అమ్మాయీ?"

"మన్ను చూసి వెళ్ళిపోతుంది, మామయ్యా."

"ఇన్నేళ్ళుగా నేను చూడటంలా? నన్నేం కరవలేదుగా!"

తిరిగొస్తుంటే కారులో జార్కో విరుచుకుపడ్డాడు. "బ్యాంకువాళ్ళే అడగలేదు, నీకెందుకే? మా నాన్న మనకి విషం అమ్ముతాడనా?" అతను నన్ను దింపి, తండ్రి దగ్గరికే వెళ్ళిపోయాడు. ఇంకా రాలేదు.

నీ
మార్యుక్కా


అక్కా,

పరీక్ష అయిపోయింది. పలకలు ముంచే తొట్టె ఎక్కడుండేదని సైలా అడిగితే మామయ్య రోడ్డు వైపు చూపించాడు. అక్కడా, ఇల్లు కట్టబోయే చోటా తవ్వారు. ఏమీ లేదు. "తవ్విన చోట్ల శుభ్రంగా ఉంది. తవ్వని చోటు గురించి నేను మాటివ్వలేను" అంది సైలా. జార్కో మొదటి మాటే విన్నాడు. "తృప్తిగా ఉందా ఇప్పుడు?" అన్నాడు.

మామయ్యకి క్షమాపణ చెప్పుకున్నాను. ఆయన పొయ్యి వైపే చూస్తూ కూర్చున్నాడు. రేపు బ్యాంకులో సంతకాలు. ఊరట కలగాలి కదా? కలగలేదు. నాకు పిచ్చెక్కుతోందేమో. పోయిన పిల్లల దుఃఖాన్ని ఆ ముసలాయన మీద రుద్దానేమో.

మార్యుక్కా


అక్కా,

సంతకాలు జరగలేదు.

బ్యాంకులో కాఫీ ఇచ్చారు. ఆ వాసనకే కడుపులో తిప్పి కప్పు పక్కకి నెట్టాను. మామయ్య చూశాడు. కలం పట్టుకున్న చెయ్యి ఆగిపోయింది.

"మళ్ళీనా, అమ్మాయీ?" అన్నాడు, నాకొక్కదానికే వినపడేలా. తలూపాను.

కలం కింద పెట్టేశాడు. "ఈ స్థలం అమ్మను" అన్నాడు.

"ఏంటి నాన్నా, ఇప్పుడా?" అని జార్కో లేచాడు.

"తొట్టె రోడ్డు వైపు లేదురా. ఇప్పుడు పడవల కొట్టం ఉన్నచోట ఉండేది. మిల్లు మూసేటప్పుడు మిగిలిన మందు పీపాలు అక్కడే గోతిలో ఒంపించారు. ఒంపింది నేనే. ఇన్నేళ్ళకి మన్ను తినేసుంటుందనుకున్నా. ఇక్కడ ఇల్లు లేకపోతే మీరు ఎక్కడికో పోతారని నోరు మూసుకున్నా."

బ్యాంకు అమ్మాయి మెల్లగా కాగితాలు వెనక్కి లాక్కుంది.

సైలా మళ్ళీ వచ్చింది. కొట్టం నేల పగలగొట్టి గొట్టం దించితే, పైకొచ్చిన మట్టి ఆసుపత్రి మందులా ఘాటుగా కంపు కొట్టింది. ఆ విషం భూమిలోపలి నీళ్ళతోపాటు మా ఇంటి చోటు వైపే పాకుతోందట. అక్కడ ఇల్లూ వద్దు, బావీ వద్దంది. నా పిల్లలు పోయింది దీనివల్లేనా, వేసవులన్నీ అక్కడే గడిపాం కదా అని అడిగాను. "తెలియదు. తెలుసని చెబితే అబద్ధమాడినట్టు" అంది. ఆ జవాబుతోనే బతకాలి.

పగలగొట్టిన నేల అంచున మామయ్య టోపీ తీసి నిలబడ్డాడు. జార్కో కారులోంచి దిగలేదు. నేను వెళ్ళి అద్దం తట్టి, నెల తప్పిన సంగతి చెప్పాను. స్టీరింగు మీద తల పెట్టుకుని ఏడ్చాడు. "మీ నాన్న నీకంటే ముందు కనిపెట్టాడు" అన్నాను. "ఆయన పేరెత్తకు" అన్నాడు.

తిరిగి వెళ్ళి మామయ్య చెయ్యి నేనే పట్టుకున్నాను. కోపం లేక కాదు, అక్కా. ఆయన ఆ సంతకం పెట్టేసి ఉంటే ఎవరికీ ఎప్పటికీ తెలిసేది కాదు.

ఫ్లాటు ఖాళీ చేసి శుక్రవారం మీ ఇంటికొస్తున్నాం, పై గది సర్దిపెట్టు. మామయ్య ఇంటి బావిలో నీళ్ళు కూడా తాగొద్దంది సైలా, కాబట్టి ఆయన్ని వెంట తెస్తున్నాను. జార్కో ఇంకా ఒప్పుకోలేదు. అయినా ముందు సీటు మామయ్యకే ఇస్తాను.

నీ చెల్లెలు
మార్యుక్కా