సింహాచలం మెట్లకు పసుపు

శనివారం. బట్టలు ఉతికి ఆరేశాను. మీ నాన్నకు ప్లాంటుకు క్యారేజీ కట్టాను. పసుపు, కుంకుమ తీసుకుని సింహాచలం వెళ్లి వచ్చాను.

సత్యా,

నీ నర్సు రిజిస్ట్రేషన్ కాగితం వచ్చింది. నేవీలో మీ ఆయనకు కొచ్చి బదిలీ అయినప్పుడు, అక్కడికి మార్చమని అర్జీ పెట్టుకున్నావే, అదే. ఇక్కడ నీ పేరు ముందే తీసేశారు, అక్కడ ఎంతకీ ఎక్కించలేదు. "అమ్మా, నాను ఇప్పుడు ఏ రాష్ట్రంలోనూ నర్సుని కానే" అని ఫోన్‌లో నవ్వేదానివి. ఆ నవ్వు వినలేకే మొక్కుకున్నాను, కాగితం వస్తే కొండ మెట్లన్నిటికీ పసుపు రాసి బొట్టు పెడతానని.

జ్వరంతో నువ్వు పోయి ఏడాది దాటాక వచ్చింది. కవరు మీద నీ పేరుందని మీ ఆయన విప్పకుండానే పంపించారు.

"పిల్లే లేదు, ఇంకేటి మొక్కే?" అన్నారు మీ నాన్న.

కాగితం రావాలని మొక్కాను, వచ్చింది. నువ్వుండాలని కూడా మొక్కుకోవాలని నాకు తోచలేదు.

మెట్ల మీద నా పక్కనే బొట్లు పెడుతున్న ఆవిడ అడిగింది, "పిల్లకి ఉద్యోగమొచ్చిందేటమ్మా?"

"కాయితమొచ్చిందమ్మా," అన్నాను.

"ఇంకేటి మరి, నీ బెంగ తీరిపోనాది."

తలూపి పై మెట్టుకు పసుపు రాశాను. చివరి మెట్టు దాకా అలాగే రాశాను. గుడిలో స్వామి ఎదుట నిలబడితే అడగడానికి ఏమీ లేకపోయింది. దండం పెట్టి దిగి వచ్చాను.

మొక్కు చెల్లింది.

అమ్మ