వైరు మూత లోపల రాత

సలైనా, ఆదివారం

అమ్మా, ఇక్కడ అందరం కులాసా. పిన్ని మోకాలు ఎలా ఉంది?

నువ్వూ నాన్నా ఊళ్లు తిరిగిన మన ఇంటిబండిని మా షెడ్డు పక్కన పెట్టించాను. నువ్వొచ్చేసరికి అందులో కరెంటుండాలని పక్కింటి క్లైడ్‌ని పిలిచాను. నలభై ఏళ్లు కరెంటు పని చేసిన మనిషి. బండి ప్లగ్గు చూడగానే, "మూడు కాళ్లు, ముప్ఫై ఆంప్స్. బట్టలారబెట్టే మిషన్‌కిచ్చినట్టే రెండొందల నలభై వోల్టులివ్వాలి," అన్నాడు. నేనూ తలూపాను. సాకెట్టు బిగించేశాడు కూడా. తీరా వైరు లాగుదామని బండి పక్కగోడకున్న వైరు మూత ఎత్తితే, లోపల నాన్న పెన్సిలు రాత: "నూట ఇరవై వోల్టులే. ఎంత మొనగాడు చెప్పినా వినకు, ఆర్డిస్."

నీకోసమే రాశాడమ్మా.

క్లైడ్ చదివి, టోపీ తీసి తల గోక్కున్నాడు. "రెండొందల నలభై పెట్టుంటే లోపల ఒక్క వస్తువూ కాలిపోకుండా మిగిలేది కాదు. పోయాక కూడా మీ నాన్న నన్ను నెగ్గనివ్వడు కదమ్మాయ్!" అంటూ అన్నీ విప్పి మళ్లీ కలిపాడు.

వచ్చేటప్పుడు ఇనప మూకుడు మర్చిపోకు. బండి రెండో తాళంచెవి నీ దగ్గరే ఉందా? పిన్నిని అడిగానని చెప్పు.

నీ మార్లిస్

చోటు చాలక అంచున రాస్తున్నా. ప్లగ్గు పెట్టగానే మీ మంచం దగ్గరి చిన్న ఫ్యాను దానంతటదే తిరిగింది. కిందటి వేసవిలో నాన్న ఆపకుండానే దిగిపోయాడన్నమాట. ఎన్నేళ్లు తిట్టావో ఆ అలవాటుకి! నేను ఆపలేదు. నువ్వే వచ్చి, తిట్టి, ఆపు.